తప్పంతా వైరుదే

వైరు మాస్టారు లోకంలో ఎవరినైనా నమ్ముతారు గానీ వైరును మాత్రం నమ్మరు. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడం ఆయన పని. ఆయన ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. కానీ ఏ తప్పు జరిగినా ముందు వైరును నిలబెట్టి సంజాయిషీ అడుగుతారు కాబట్టి వీధిలో వాళ్లు ఆయనకు ఆ పేరు ఖాయం చేశారు.

బొమ్మ వణికితే వైరు. రంగులు పోయి నలుపూ తెలుపూ మిగిలితే వైరు. మాట ముందొచ్చి పెదవులు తీరిగ్గా తర్వాత కదిలితే అదీ వైరే. క్యాసెట్ లోపల బూజు పట్టి తెల్లగా కళ్లకు కనిపిస్తున్నా సరే, "దీనికేం, నిక్షేపంలా ఉంది" అంటూ వైరు మార్చేవారు. తన ఎదుట క్యాసెట్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. ఒక పెద్దమనిషి తన పెళ్లి క్యాసెట్ మొత్తం చూసుకుని, పెళ్లికొడుకైన తన మొహం అందులో ఎక్కడా సరిగ్గా పడలేదని వాపోయాడు. అది కెమెరా పట్టినవాడి నిర్వాకమని పసిపిల్లలకైనా తెలుస్తుంది. మాస్టారు మాత్రం కాసేపు ఆలోచించి, వైరు మార్చి చూద్దామన్నారు.

ఆయన ముందుగది గోడకు మేకులు కొట్టి, పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న వైర్లను వరసగా వేలాడదీశారు. ఒకసారి ఆయన భార్య చూసుకోకుండా వాటి మీద తడి తువ్వాలు ఆరేసింది. ఆ రోజు బొమ్మలో గీతలు పడితే ఆయన వైరును తిట్టారు, తువ్వాలునూ తిట్టారు, భార్య జోలికి పోలేదు. ఆవిడ మటుకు ఊరికే వదిలే రకం కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన ఎప్పుడైనా నోరు జారితే, వైరు మార్చుకుని తినమనేది.

అలాంటి మనిషి దగ్గరికి వీధి చివరింటి కోడలు ఒక క్యాసెట్ పట్టుకొచ్చింది. అది బాగుపడాలని కాదు. బాగుపడకూడదని.

అందులో ఉన్నది ఆమె మామగారి పదవీ విరమణ సభ. ఆ సభలో అత్తగారిని కూడా రెండు మాటలు మాట్లాడమన్నారట. ఆవిడ జన్మలో మైకు పట్టుకోవడం అదొక్కసారే. ఆ ఉపన్యాసం గురించి ఆవిడ చెప్పని రోజు లేదు, చెప్పినకొద్దీ అది పెరగని రోజూ లేదు. మొదట్లో అధికారులు చప్పట్లు కొట్టారు. తర్వాత్తర్వాత లేచి నిలబడి కొట్టారు. మొన్నీమధ్య పెద్ద అధికారి కళ్లు కూడా తుడుచుకున్నాడు.

ఆ ఉపన్యాసం ఇప్పుడు అందులో లేదన్న సంగతి కోడలికి ఒక్కదానికే తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో, ఒక సీరియల్ ఆఖరి భాగం వచ్చే సాయంత్రమే ఇంటికి చుట్టాలు దిగారు. వంటింట్లోంచి కదిలే వీల్లేక, ఆమె చేతికందిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టి రికార్డు బటన్ నొక్కింది. మెషిన్ ససేమిరా అంది. క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. మామగారు ముందుజాగ్రత్త మనిషి, విరిచేశారు. కోడలు తెలివైనది, ఆ ఖాళీ మీద వేలి గాయానికి వేసే ప్లాస్టరు అంటించింది. మెషిన్ ఒప్పుకుంది. సీరియల్‌లో కథానాయిక భర్తను క్షమించింది. అత్తగారి ఉపన్యాసం తుడిచిపెట్టుకుపోయింది.

సంగతి తెలిశాక కోడలు క్యాసెట్‌ను అటక మీద ఒక మూలకు తోసేసింది. అత్తగారు అడిగినప్పుడల్లా ఎక్కడో ఉండే ఉంటుందని నెట్టుకొచ్చింది. ఇన్నాళ్లూ గడిచిపోయింది గానీ, ఈమధ్య అత్తగారి చెల్లెలు ఫోనులో నిప్పు రాజేసింది. "ఉపన్యాసమేంటక్కా, నువ్వా రోజు అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నావు, అంతే" అంది. అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు అటక మొత్తం దింపించారు. క్యాసెట్ దొరికింది గానీ, దాన్ని వేసి చూడ్డానికి ఇంట్లో ఇప్పుడు వీసీఆర్ లేదు.

దాన్ని తానే బాగుచేయించుకొస్తానని కోడలు చొరవగా లాక్కుంది. దారిలో ఉన్న మంచి దుకాణాలన్నీ దాటుకుని మాస్టారి ఇంటికి వచ్చింది. ఆయన వైర్లు మార్చుకుంటూ కూర్చుంటే ఈ క్యాసెట్ ఈ జన్మకు తెమలదని ఆమె లెక్క.

మాస్టారు క్యాసెట్‌ను తిప్పి చూశారు. ప్లాస్టరు దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. కోడలు తల పైకెత్తి ఫ్యాన్ రెక్కలను పరీక్షగా చూడసాగింది. కాసేపటికి ఆయన, "నిక్షేపంలా ఉంది" అన్నారు.

వారం తిరిగాక ఆమె ఆశగా వెళ్లింది. కంప్యూటర్ తెర నిండా నీలం తప్ప ఏమీ లేదు. ఆమె ప్రాణం లేచొచ్చింది. "పోనీలెండి మాస్టారూ, పాతది కదా. వదిలేయండి" అంది.

"వదిలేయడమా? టేపేం పాపం చేసిందమ్మా?" అంటూ ఆయన వీసీఆర్ మూత విప్పారు. దూదిని స్పిరిట్‌లో ముంచి లోపల టేపును చదివే హెడ్డు తుడిచారు. దుమ్మంతా నల్లగా దూదికి అంటుకొచ్చింది, బొమ్మ పడింది. అంతా అయ్యాక ఒక వైరు తీసి ఇంకో వైరు పెట్టి, "చూశావా, వీడే" అన్నారు.

ఆ తర్వాత బొమ్మ నలుపూ తెలుపులో వచ్చింది. కంప్యూటర్‌లో ఏదో మార్చి రంగు తెప్పించారు, నింద వైరుకిచ్చారు. ఆపైన బొమ్మ ఆగి ఆగి నడిచింది. కంప్యూటర్ తన సొంత పనులేవో చేసుకుంటోందని తెలిసి వాటన్నిటినీ ఆపేశారు, మళ్లీ వైరునే తిట్టారు. కోడలు వెళ్లినప్పుడల్లా క్యాసెట్ కోలుకుంటోంది, ఆమె చిక్కిపోతోంది. ఇంటికొచ్చాక అత్తగారు ఎలా ఉందని అడిగితే, "ఇంకొంచెం బాగుపడిందత్తయ్యా" అని ఆసుపత్రి నుంచి కబురు తెచ్చినట్టు నీరసంగా చెప్పేది.

చివరికి అత్తగారు తానే వస్తానని బయలుదేరారు. దారిలో కోడలు నిజం చెప్పేద్దామని మూడొంతులు నోరు తెరిచింది. కానీ అత్తగారు పెదవులు కదుపుతూ తన ఉపన్యాసం నెమరేసుకుంటూ చరచరా నడిచిపోతున్నారు.

మాస్టారు ఇద్దరినీ కూర్చోబెట్టి వీడియో మొదలుపెట్టారు. హాలు కనిపించింది. స్టేజీ మీద మామగారు బిగుసుకుని కూర్చుని ఉన్నారు. ఎవరో పిలవగానే, వయసులో ఉన్న అత్తగారు కొంగు సర్దుకుంటూ మైకు దగ్గరికి వచ్చారు. గొంతు సవరించుకున్నారు, నోరు తెరిచారు.

"ఈ ఇంట్లో నేను పడింది ఇక చాలు" అంది ఒళ్లంతా నగలతో సీరియల్ కథానాయిక.

అత్తగారు ముందుకు వంగారు. "ఇదెవతె?"

కోడలు కళ్లు మూసుకుంది. నిజం చెప్పడానికి నోరు తెరిచేలోపు మాస్టారు కుర్చీలోంచి లేచి గోడ మీద వైరొకటి లాగారు.

"కొంప ముంచిందమ్మా ఈ వైరు. మా టీవీకి ఆనించి పెట్టాను. అందులోది ఇందులోకి దిగిపోయి, మీ మాటలన్నీ చెరిపేసింది."

అత్తగారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "ఆ సీరియల్ ఎప్పుడో అయిపోయింది కదయ్యా?"

మాస్టారు చేతిలోని వైరును అటూ ఇటూ తిప్పి చూశారు. "పాత వైరు కదమ్మా. పాతవే పట్టుకుంటుంది."

ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి, తమ ఇంట్లో ఏది చెడినా ఆ వైర్ల వల్లేనని ముఖంలో నవ్వన్నది లేకుండా సాక్ష్యం చెప్పింది. ఆ మాట వీధి మొత్తం ఎప్పట్నుంచో వింటున్నదే కాబట్టి అత్తగారికి నమ్మక తప్పలేదు. మాస్టారిని తిట్టాల్సినవన్నీ తిట్టారు. ఇంతమంది ఉండగా ఈయన్నే ఏరి పట్టుకున్నందుకు కోడలికీ నాలుగు వడ్డించారు. కోడలు ఆ నాలుగూ ఆనందంగా స్వీకరించింది. అంతలో అత్తగారికి ఫోను సంగతి గుర్తొచ్చింది. ఇక చెల్లెలి మాటే నెగ్గుతుందని కుర్చీలో కూలబడ్డారు.

"ఉపన్యాసం మీకు గుర్తుందా అమ్మా?" అని అడిగారు మాస్టారు.

"అక్షరం మర్చిపోలేదు."

"అయితే పాడుచేసింది నా వైరే కాబట్టి, నేనే మళ్లీ తీస్తాను. లేవండి."

ఆయన పాత కెమెరా తెచ్చి స్టాండుకెక్కించారు. అత్తగారు కొంగు సర్దుకుని నిలబడ్డారు. మావారి సంతకం లేనిదే ఆఫీసులో కాగితం కదలదంటారు, ఇంట్లో ఈయన కళ్లజోడు వెతికిచ్చేది నేనే, అంటూ మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో పెరిగినదంతా కలుపుకుని ఉపన్యాసం చాలాసేపు సాగింది. అధికారులు నవ్విన చోట మాస్టారు నవ్వారు. వాళ్లు లేచి నిలబడిన చోట మాస్టారి భార్య లేచి నిలబడింది. పెద్ద అధికారి కళ్లు తుడుచుకున్న చోటు వచ్చేసరికి కోడలు నిజంగానే ఏడ్చేసింది. అంత బాగా వింటుందనుకోలేదని అత్తగారు ఆమె వంక మురిపెంగా చూశారు.

అంతా అయ్యాక అత్తగారు కెమెరా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఏమయ్యా, ఇది మరీ కొత్తదిలా ఉంటే మా చెల్లెలు నమ్మదు. కాస్త గీతలు పడేట్టు చేయగలవా?"

"వైరు మారిస్తే పడతాయమ్మా" అన్నారు మాస్టారు.

అత్తగారు మెట్లు దిగి ముందు నడిచారు. చెప్పులు వేసుకునే నెపంతో కోడలు గుమ్మం దగ్గర ఆగింది.

"ప్లాస్టరు మీరు మొదటి రోజే చూశారు కదా మాస్టారూ. నా తప్పు మీరెందుకు నెత్తిన వేసుకున్నారు?"

"నా నెత్తిన ఎక్కడ వేసుకున్నానమ్మా, వైరు నెత్తిన వేశాను" అన్నారాయన, వైరును మళ్లీ మేకుకు తగిలిస్తూ. "టేపు పాడైందన్నామనుకో, ఎవరు పాడుచేశారని ఇంట్లో వేటాడతారు. ఏ ఇంటి టేపైనా అంతే. వైరన్నామనుకో, గొడవ అక్కడితో సరి."

"పాపం, వైరేం చేసింది?"

"ఏం చేయకపోయినా ఓర్చుకుంటుందమ్మా. వైరుకు అత్తగారుండరు కదా."