పదిన్నర నుంచి పన్నెండు దాకా

ఆమెకూ నాకూ మొదటి రోజే పడలేదు. తప్పెవరిదని ఇప్పుడడిగితే సగం సగం అంటాను. అప్పట్లో అడిగి ఉంటే పదహారణాలూ ఆమెదే అనేవాణ్ణి.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ రాళ్ల మధ్య గుండ్రటి భవనం లేచింది. దాన్ని చూసిన ప్రతివాడూ కంప్యూటర్ కోర్సులో చేరాడు. నేనూ చేరాను. నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లి, నాలుగుచోట్లా కుర్చీలో కూర్చున్నంత త్వరగా లేచి వచ్చాను. అందని ద్రాక్ష పుల్లన అనుకుని సర్దుకోబోతుంటే, అమ్మ వైపు దూరపు మామ ఒకాయన శేరిలింగంపల్లి దగ్గర అందే ద్రాక్ష చూపించాడు. ఆయనది అనంతపురం. పాత ద్రాక్షతోటలు కొని ప్లాట్లు చేసి అమ్మేవాడు. ఇంకా అమ్ముడుపోని తోటల్లో కాసిన పండ్లను అక్కడే ఒక షెడ్డులో చల్లబరిచి, విమానంలో గల్ఫ్‌కు పంపేవాడు. ఆ పండ్లతో వెళ్లే కాగితాలు తయారు చేయడానికి నన్ను పెట్టుకున్నాడు. చల్లని ఉద్యోగం దొరికిందని ఇంటికి ఉత్తరం రాశాను.

ఆమె ఆ షెడ్డులోని చల్లగదికి పెద్ద. యాభై దాటిన మనిషి. బోరబండ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేది. చేతికింద పదిమంది ఆడవాళ్లు. గుత్తులు కత్తిరించడం, డబ్బాల్లో సర్దడం, చల్లబడ్డాక వ్యాన్‌లోకి ఎక్కించడం, అంతా ఆమె కనుసన్నల్లోనే. గదిలో చల్లదనం సరిపోయిందో లేదో తెలియడానికి ఆమెకు థర్మామీటరు అక్కర్లేదు. తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చి చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది, అదే నాకు మింగుడుపడేది కాదు. ఆమె ముక్కుకు సర్టిఫికెట్ లేదు. నాకుంది, ఆరు నెలల కోర్సుది.

అందుకని చేరిన వారానికే ఒక నిబంధన టైపు చేసి తలుపుకు అంటించాను. తలుపు నిమిషం మించి తెరవరాదు. ఒకసారి బయటికి వచ్చిన డబ్బా తిరిగి లోపలికి పోరాదు. కింద నా సంతకం. అది నిబంధన కంటే పెద్దగా వచ్చింది.

"ఇది ఎవరికి సారూ?" అని అడిగింది ఆమె. "మాకు చదువు రాదు. ద్రాక్షకు వస్తదా?"

"నేను చదివి వినిపిస్తాను."

"వద్దు సారూ. మీ గొంతు ఇంటే పండ్లు పుల్లగైతయ్."

బల్ల చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. మర్నాటి నుంచి ఆమె బస్సు మూడు నిమిషాలు ఆలస్యమైనా హాజరు పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాను. ఆమె రోజూ నా కుర్చీని, గదిని చల్లబరిచే యంత్రం వేడిగాలి వదిలే చోటుకు ఎదురుగా జరిపించేది. చల్లని ఉద్యోగంలో ఆ ఎండాకాలమంతా వేయించిన వేరుశనక్కాయలా కూర్చున్నాను.

అలాంటి ఒక శుక్రవారం. బేగంపేటలో సాయంత్రం విమానానికి సరుకు అందాలి. పది గంటలకు డబ్బాలన్నీ వ్యాన్‌లోకి ఎక్కాయి. వాటిలో ఒకదాంట్లో అరచేతంత పెట్టె ఒకటి పెట్టేవాళ్లం. లోపల కాగితం చుట్ట మెల్లగా తిరుగుతుంటే, వేడి పెరిగినప్పుడు పైకీ, తగ్గినప్పుడు కిందికీ ఒక ముల్లు గీత గీస్తూ పోతుంది. అవతల డబ్బా విప్పినవాడు ఆ గీత చూసి, దారిలో పండ్లకు ఏం జరిగిందో తెలుసుకుంటాడు. దాని పిన్ను లాగి, మొదలైన టైము రాసుకుని, కాగితాలు తీద్దామని ప్రింటర్ దగ్గరికి వెళ్లాను. ప్రింటర్ ఆ రోజు కాగితాలు అచ్చువేయడం మానేసి తినడం మొదలుపెట్టింది. మూడోసారికి కక్కించేసరికి పదిన్నర దాటింది.

మామ బయటికొచ్చి గడియారం చూసుకున్నాడు. "శుక్రవారం అల్లుడూ. రాహుకాలం పడింది. పన్నెండు దాకా బండి కదలగూడదు." డ్రైవర్ వైపు తిరిగి, "ఊరికే నిలబడేదానికి ఇంజిన్ ఎందుకప్పా, ఆపు" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ బండిలో చల్లదనం ఇంజిన్ నడిస్తేనే.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "సారూ, డబ్బాలు దించి మల్ల గదిల పెట్టిస్త. జర సేపు పని."

నేను తలుపు మీది కాగితం చూపించాను. "బయటికి వచ్చింది లోపలికి పోదు. పండ్లకు చెమట పడుతుంది."

"ఎండల బండి నిలబెడితే పట్టదా?"

"బండి తలుపు వేసే ఉంది కదా."

"మీ తలకాయకు గూడ ఏసే ఉన్నది."

అప్పటిదాకా నాలో అనుమానమేదైనా ఉంటే, ఆ మాటతో పోయింది. ఇక దించనిచ్చే ప్రశ్నే లేదు. ఆమె బండి పక్కన నీడలో కూర్చుని, పన్నెండయ్యే దాకా నన్నే చూసింది. నేను పేపరు చదివాను. ఏం చదివానో అడగొద్దు.

నాలుగు రోజులకు గల్ఫ్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. గుత్తుల తొడిమలు ఎండి గోధుమరంగుకు తిరిగాయట, పండ్లు చెమర్చి చిట్లాయట, సగం పారబోశారట. తప్పెవరిదో, వాళ్లమీద ఏం చర్య తీసుకున్నారో రాయకపోతే ఈ ఏడు ఇక సరుకు వద్దన్నారు. ముల్లు గీసిన గీత నకలు కూడా పంపారు. తిన్నటి గీత మధ్యలో ఎద్దు మూపురంలాంటి ఎత్తు.

"ఎవురిది తప్పు?" అన్నాడు మామ.

"చల్లగది తలుపే మామా" అన్నాను, గీత సరిగ్గా చూడకుండానే. సంతోషం ఆగలేదు.

"అట్లే రాయి. ఆ గది సూసే మనిషి తలుపు తెరిసిపెట్టింది, తీసేసినాం అని రాసి పడెయ్. రేపట్నుంచి రావద్దని ఆమెకు నువ్వే చెప్పు."

నా వేళ్లు అంత చురుగ్గా ఎన్నడూ కదల్లేదు. ఆరు నెలల కోర్సుకు అదే స్నాతకోత్సవం. ఏ టైములో వేడెక్కిందో రాయాల్సిన చోట ఆగి, గీత మీద స్కేలు పెట్టి గంటలు లెక్కపెట్టాను. పదిన్నర నుంచి పన్నెండు. వెనక నుంచి లెక్కపెట్టాను. పన్నెండు నుంచి పదిన్నర. పంచాంగంలో పేరు చూడటమే తప్ప రాహువును కళ్లారా చూసినవాళ్లు లేరు. నాకు మూపురంతో సహా కనిపించాడు. ఆ మూపురం కింద నా ప్రింటర్ ఉంది, నా నిబంధన ఉంది, నా నోరూ ఉంది.

తల ఎత్తితే గుమ్మంలో ఆమె.

"నన్ను తీసేస్తున్నరంట గద."

"ఎవరు చెప్పారు?"

"మీ మొఖమే. పొద్దటిసంది ఎల్గుతున్నది." లోపలికి రాలేదు. "తీస్తే తీయుండ్రి. మా ఆయన దవాఖానల ఉన్నడని మిమ్మల్ని అడుక్కోను. తప్పు పేరు పెట్టి మాత్రం తీయకుండ్రి. పండ్లు ఖరాబ్ చేసిందంటే రేపు ఏ తోటోడు పని ఇస్తడు? నాకు ఈ పని తప్ప ఏం రాదు." వెళ్లిపోయింది.

మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది గాని, కరగలేదు. అప్పుడూ ఆమె అంటే నాకు ఒళ్లుమంటే. అయితే ఆమె ముక్కు కంటే నా అంకెలు గొప్పవని నెలల తరబడి వాదించాను. ఇప్పుడు వాటితోనే అబద్ధమాడిస్తే, ఆమె ముందు నాకు మిగిలేది ఆ పెద్ద సంతకం ఒక్కటే. గీత ఉన్న కాగితం పట్టుకుని మామ దగ్గరికి వెళ్లాను.

"తలుపు కాదు మామా. పదిన్నర నుంచి పన్నెండు."

ఆయన కాగితం అందుకుని గీత మీద వేలు పెట్టాడు. "అంటే తప్పు రాహువుదంటావా?"

"ఇంజిన్ ఆపమన్నది..." అని మొదలుపెట్టి ఆయన కళ్లు చూసి వాక్యం మార్చాను. "బండి ఆగింది నా కాగితాలు ఆలస్యమై. డబ్బాలు దించి లోపల పెట్టిస్తానని ఆమె అంది. వద్దన్నది నేను."

"అనిందా?"

"అంది."

"గల్ఫోళ్లకు రాహుకాలమని రాస్తే నగుతారు. ఎవురో ఒకరి పేరు పడాల. నీ పేరే రాసుకో. కాగితాల పని నుంచి తీసేసినామని రాయి."

"నిజంగానా మామా?"

"అబద్ధం రాయగూడదనే గదా ఇంతదూరం వచ్చినావు. ఊరికి పంపిస్తే మీయమ్మకు నేను జవాబు చెప్పల్ల. రేపట్నుంచి ఆమె కింద చెయ్."

ఆ ఉత్తరం నేనే టైపు చేశాను. నా గురించి నేను రాసుకున్నవాటిలో తప్పుల్లేనిది అదొక్కటే.

మర్నాడు పొద్దున బల్ల దగ్గర నిలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు, అంటురోగం ఉన్నవాడికి ఇచ్చినట్టు. ఆమె కత్తెర నా ముందు పడేసింది.

"నన్ను కాపాడిన అనుకుంటున్నవా?" అంది. మీరు అనడం అప్పటికే పోయింది. "ఆనాడు దించనిస్తే ఎవ్వర్ని కాపాడే పని లేకుండె. ఇగ కానీ. తొడిమె పట్టాలె, పండు పట్టొద్దు. పండు మీది తెల్లపొడి చేతికి అంటితే ఆ గుత్తి గల్ఫ్‌కు పోదు."

గంటసేపు ఒంగి ఒక డబ్బా సర్దాను. ఆమె వచ్చి ఒక గుత్తిని తొడిమె పట్టి ఎత్తి, వెలుతురుకు తిప్పి చూసింది. నా వేళ్ల గుర్తులు నాకే కనిపించాయి. డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించింది.

"మల్ల" అంది.

రెండోది కూడా గుమ్మరించింది. మూడో డబ్బా దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడింది. వంగి రెండు గుత్తులు చూసింది, మూడోది చూసింది. తర్వాత దాన్నీ గుమ్మరించి, నావైపు చూడకుండానే పక్క బల్లకు వెళ్లిపోయింది.