మాట్లాడుతూనే ఉన్నాడు

మా తమ్ముడికి ఆబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం ఉండేది. జ్వరమొచ్చినా షట్టర్ ఎత్తే మనిషి. ఆ వానాకాలం కడుపునొప్పి, చలిజ్వరం పట్టుకున్నా మాత్రలు మింగి దుకాణంలోనే కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కౌంటర్ మీద తల వాల్చి, పరుగెత్తి వచ్చినవాడిలా గబగబా ఊపిరి తీస్తున్నాడు. వద్దంటున్నా వినకుండా ఆటోలో నాంపల్లిలోని ఒక దవాఖానకు తీసుకెళ్లాను.

ఎమర్జెన్సీలో తనే నడిచి మంచం ఎక్కాడు. నర్సు వేలు పొడిచి చూస్తే షుగర్ మూడువందలు దాటింది. అంతకుముందు వాడికి ఆ జబ్బే లేదు.

"పొద్దుగాల చాయిల చక్కెర జర ఎక్కువేసుకున్న అన్నా, గంతే" అని నవ్వాడు.

తర్వాత మణికట్టు దగ్గర సూది గుచ్చి మళ్లీ రక్తం తీశారు. ఆ రిపోర్టు చూసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఇది మామూలు షుగర్ కాకపోవచ్చు. ఒంటికి పెద్ద ఆపద వచ్చినప్పుడు కూడా ఇట్లా పెరుగుతుంది. దాంతోపాటు లాక్టేట్ చాలా ఎక్కువుంది. అంటే లోపల అవయవాలకు రక్తం సరిగా అందడం లేదు. మాట్లాడుతున్నాడు కదా అని ధైర్యపడకండి."

వెనక్కి తిరిగి చూశాను. నర్సు కళ్లజోడు ముక్కు మీదికి జారుతోందని, దుకాణానికి వస్తే బిగించి ఇస్తానని వాడు ఆమెకు చెబుతున్నాడు.

కాసేపటికి మరదలు చాదర్‌ఘాట్ నుంచి వచ్చింది. వాడు ఇంటికి పోదామని ఆమెను సతాయించాడు.

"మంచిగనే మాట్లాడుతున్నడు గద బావా, తీస్కపోదమా?" అని నన్నడిగింది.

వద్దన్నాను. డాక్టరమ్మ మాటలు మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.

స్కాన్‌లో పేగుకు రంధ్రం పడిందని, కడుపంతా చీము పట్టిందని తెలిసింది. సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత లాక్టేట్ కొంచెం తగ్గిందని చెబితే ఇద్దరం క్యాంటీన్‌కు వెళ్లి చాయ్ తాగాం. తెల్లారేసరికి మళ్లీ పెరిగింది, ముందుకన్నా ఎక్కువ. అప్పటికి బీపీ కూడా నిలవడం లేదు. వాడు మళ్లీ కళ్లు తెరవలేదు. మధ్యాహ్నానికి పోయాడు.

ఇంకా ముందు తీసుకొస్తే బతికేవాడా అని మరదలు అడిగింది.

"చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. షుగర్ పెరిగిందని మాత్రమే ఆమెకు చెప్పి ఉంచాం.

"తగ్గిందా బిడ్డా?" అంది ఎత్తగానే.

"నేనొస్తున్న అమ్మా, ఇంట్లనే ఉండు" అన్నాను.

ఇంటికి వెళ్లి, ఆమె చేతులు పట్టుకుని కూర్చుని చెప్పాను.