సోలకు రెండు సోలలు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు జహీరాబాద్‌లో ఒక బ్యాంకు బల్ల మీద కూర్చుని ఉండగా అందింది. పక్కన, పై చదువుకు పంపాలని నేను వెంట తిరుగుతున్న కోహీర్ అమ్మాయి, ఆమె ఒళ్లో చదువు అప్పు కాగితాలు. ఫోన్‌లో నాన్న, "అక్క పోయింది బిడ్డా. చాయ్ తాగి కందులు ఏరుకుంట కూసున్నది, గట్లనే గోడకు ఒరిగింది," అన్నాడు. నేను లేస్తే ఆ పిల్ల కూడా లేచింది. నువ్వు కూర్చో, నీ వంతు వచ్చేదాకా కదలకు అన్నాను. అత్త ఉన్నా అదే అనేది, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

ఝరాసంగం దిక్కు మా ఊళ్లో ఆమెకు వానకే పండే ఎర్రచెలక భూమి ఉండేది. తమ్ముడితో, అంటే మా నాన్నతో, పోట్లాడి తన పేరు మీద రాయించుకున్నది. చుట్టూ అందరూ పత్తి వేస్తే ఆమె పచ్చజొన్న, కంది, కొర్ర, అనుములు, పుంటికూర, ఏవి దొరికితే అవి కలిపి చల్లేది. "ఒక్క పంట మీద పానం పెట్టుకుంటరా? వాన ఎవని సుట్టం?" అనేది. విత్తనం అడిగిన వాళ్లకు లేదనేది కాదు. సోలెడు గింజలు కొలిచి ఇస్తే మరుసటేడు రెండు సోలలు తేవాలి. పంట చేతికి రాకముందు అడగదు, వచ్చాక ఊరుకోదు. పెళ్లిపందిట్లో కూడా అడిగి తెచ్చుకున్న మనిషి.

వ్యవసాయ డిగ్రీ అయ్యాక నాకు అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. డబ్బు చూపించడానికి ఆరు వారాల గడువు. నాన్న, అత్త, నేను ఆమె పట్టా పాసుబుక్కుకు కుంకుమ బొట్టు పెట్టి, కొత్త గుడ్డలో చుట్టుకుని, చుట్టాలింటికి పోయినంత దర్జాగా బ్యాంకుకు పోయాం. మేనేజరు మర్యాదగానే చెప్పాడు. చదువు అప్పుకు సాగుభూమి తాకట్టు చెల్లదు, ఇల్లో ప్లాటో ఉండాలి.

"గీ భూమి మూడు తరాలను సాకింది సారూ. గీ పిల్లను రెండేండ్లు సాకదా?" అంది అత్త. ఆయన పాసుబుక్కును మళ్లీ గుడ్డలో చుట్టి మా వైపు జరిపాడు.

బయటికి వచ్చాక నాన్న, "ఇగ ఇడిసిపెట్టు బిడ్డా. విత్తనాల కంపెనీల నౌకరి ఇస్తమన్నరు గద," అన్నాడు. నాకు రోడ్డు మీదే ఏడుపొచ్చింది.

"ఒక్క బ్యాంకుకు పోయొచ్చి ఏడుస్తున్నవా?" అత్త కసిరింది. "గిది పత్తి ఏసినట్టే. అన్నీ కలిపి సల్లు."

చల్లాం. ప్రభుత్వం ఇచ్చే విదేశీ చదువుల సాయానికి, నగరంలో ఒక ట్రస్టుకు, తాకట్టు లేకుండా అప్పిచ్చే ఇంకో బ్యాంకుకు, అమెరికాలోని ప్రొఫెసర్లకు. ఏ కాగితం పంపినా, ఏ జవాబు వచ్చినా ముందు తెలుగులో చదివి వినిపించాలని అత్త షరతు. ఒళ్లో చేట పెట్టుకుని గింజలు ఏరుతూ వినేది. మాటలో పస ఉంటేనే ఆమె చేతులు ఆగేవి. ప్రపంచ ఆకలి గురించి నేను ఎంతో గొప్పగా రాసుకున్న దరఖాస్తు వ్యాసం చదివితే చేతులు ఆగనే లేదు.

"గిండ్ల మన చెలక లేదు, నేను లేను, నువ్వు సుత లేవు. ఎవల పిల్ల రాసింది గిది?"

ఒళ్లు మండింది. అయినా మళ్లీ రాశాను. వాన ముఖం చాటేసిన ఏడు ఆ చెలకలో ఏది ఎండింది, ఏది నిలిచింది, అదే రాశాను. ఈసారి ఆమె చేతులు ఆగాయి.

ట్రస్టు కాదంది. ప్రభుత్వ జాబితాలో నా పేరు రాలేదు. చివరికి ఒక ప్రొఫెసర్ వీడియో కాల్ పెట్టాడు. జొన్నలో అనుములు ఎందుకు కలుపుతారని అడిగితే నేను తడబడి, అత్త వైపు తిరిగి ఆ ప్రశ్నే తెలుగులో అన్నాను. తలుపు దగ్గరి నుంచి అత్త జవాబు చెప్పింది, నేను ఇంగ్లీషులో అందించాను. తర్వాత ఆమె వంతు.

"ఆయనకు చెలకున్నదా, ఒట్టి సదువేనా?"

ప్రయోగాల పొలం ఉందని ఆయన నవ్వాడు.

"పట్టా ఎవల పేరు మీద?"

విశ్వవిద్యాలయం పేరు మీద అన్నాడు.

"అయ్యో పాపం," అంది. అది మాత్రం నేను అనువదించలేదు.

వారం తిరగకుండా ఉత్తరం వచ్చింది. ఆయన దగ్గర పరిశోధనలో పని, ఫీజు మాఫీ, నెలనెలా జీతం! విమానం టికెట్టుకు, మొదటి నెలల ఖర్చుకు రెండో బ్యాంకు చిన్న అప్పు ఇచ్చింది. చదువయ్యాకే కట్టాలన్నారు. "పంట వచ్చినంకనే అడుగుతరన్నట్టు. మన పద్ధతి గీళ్లకు ఎవలు నేర్పిన్రు?" అని మురిసిపోయి, ఆ రోజు వాడకంతా జొన్నరొట్టెలు పంచింది. గెలిచింది నేనని కాదు, తానని చెప్పుకుంది. నిజమే చెప్పింది.

బయలుదేరే రోజు, నీకేమివ్వాలి అత్తా అని అడిగాను.

"సోలకు రెండు సోలలు. ఇద్దరు పిల్లలను పంపు."

చదువు ముగించి వచ్చి జహీరాబాద్‌లోనే పనిచేస్తున్నాను. బ్యాంకు అప్పు తీరింది. అత్త అప్పులో మొదటి సోల చిరాగ్‌పల్లి పిల్ల, నిరుడు వెళ్లింది. "ఇంకొక్కటి ఉన్నది, యాదున్నదా?" అని పోయిన వారం కూడా అడిగింది. ఆ ఒక్కటి కోహీర్ అమ్మాయి. ఆమెకు అప్పు మంజూరైందన్న ఉత్తరం రాకముందే అత్త వెళ్లిపోయింది. చావు కన్నా అదే నన్ను ఎక్కువ కోసింది.

మరునాడు పొద్దున, అత్తను ఇంకా ఎత్తకముందు, ఆ అమ్మాయి ఆటో దిగి మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో ఫోను. ముఖం వెలిగిపోతోంది. చావింట్లో ఆ ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక తల వంచుకుంది. ఉత్తరం వచ్చిందని నాకు అర్థమై నాన్న చెవిలో చెప్పాను.

నాన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "గుసగుసలెందుకు? గట్టిగ సదువు బిడ్డా. తెలుగుల సదువు. మా అక్క ఇంటది."

ఏడుపులు సద్దుమణిగాయి. గోడ వార చేటలో సగం ఏరిన కందులు అట్లాగే ఉన్నాయి. కోహీర్ అమ్మాయి గొంతు సవరించుకుని మొదటి మాట నుంచి చదివింది. అత్త చేతులు ఆగే ఉన్నాయి.