ఈ ఆటకు తీగ ఉందా?

పళ్లు నూరడం ఆవిడ ఉద్యోగం. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపడా కట్టుడు పళ్లు చేసిపెట్టే ల్యాబు అది. అక్కడ ఇరవై రెండేళ్లుగా ప్లాస్టర్ కలుపుతోంది, మైనం కరిగిస్తోంది, చిన్న మర మీద పన్ను తర్వాత పన్ను అరగదీస్తోంది. కోపమొచ్చినప్పుడు నూరుకునే పళ్లు వేరే ఉన్నాయి. అవి ఆవిడ సొంతవి. వాటిని ముప్పై అయిదేళ్లుగా ఒకే ఒక్క మనిషి మీద నూరుతోంది. ఆ మనిషి స్వయానా తోడబుట్టిన అన్నయ్య.

ల్యాబు నుంచి ఇంటికొచ్చి చేతికంటిన ప్లాస్టర్ కడుక్కున్నాక ఆవిడ వీడియో గేములు ఆడుతుంది. నలభై నాలుగేళ్ల మనిషికి ఇదేం సరదా అని అడిగినవాళ్లున్నారు. రెండోసారి అడిగినవాళ్లు లేరు. ముందుగదిలో గోడకు కొత్త టీవీ, దాని కింద కొత్త కన్సోల్. పక్కనే స్టూలు మీద పాత డబ్బా టీవీ, దానికి చిన్నప్పటి కన్సోల్. క్యాసెట్‌ను ఉఫ్ఫుమని ఊది పెడితే అది ఇప్పటికీ పనిచేస్తుంది.

ఆడినవాటి మీద తన అభిప్రాయాలు ఇంటర్నెట్‌లో ఒక పేజీలో రాస్తుంది. అక్కడ ఆవిడ పేరు ‘రెండో ప్లేయర్’. మూడొందల మంది చదువుతారు, అందులో సగం మంది తిట్టడానికే వస్తారు. ఆవిడ మార్కులు వేయదు, చుక్కలివ్వదు. ప్రతి ఆటకూ చివర్లో ఒకటే తీర్పు: ‘తీగ ఉంది’ లేదా ‘తీగ లేదు’. మన వేలు కదిలితే ఆటలో ఏదైనా మారుతోందా, లేక మనం ఉన్నా లేకపోయినా దాని దారిన అది నడిచిపోతోందా అన్నదే ఆవిడకు కావాలి.

పోయినేడాది జనమంతా నెత్తిన పెట్టుకున్న ఒక యుద్ధం ఆటను ఆవిడ ఉతికి ఆరేసింది. ‘ఎక్కాల్సిన గోడలన్నిటికీ పసుపు రంగు పూసిపెట్టారు, మనకు కళ్లు లేవన్నట్టు. గుర్రమెక్కడానికి ఒక మీట నొక్కాను. ఆ తర్వాత పావుగంట సేపు గుర్రం, రాజు, రాజుగారి కన్నీళ్లు. లేచి వెళ్లి టీ పెట్టుకుని వచ్చేసరికి కోట నేను లేకుండానే గెలిచేశారు. తీగ లేదు.’

పాతదంతా బంగారమనే రకం కూడా కాదు. ముప్పై ఏళ్లనాటి ఒక గెంతుడు ఆటను మెచ్చుకుంది: ‘మూడే ప్రాణాలు. చచ్చిన ప్రతిసారీ తప్పు నా వేలిదే. తీగ ఉంది.’ అదే కాలపు బాక్సింగ్ ఆటను మాత్రం చీల్చి చెండాడింది, చివరి వస్తాదు మన దెబ్బ పడకముందే పక్కకు తప్పుకుంటాడని, అది ఆట కాదు దగా అని. ఎవరో ఇద్దరు కలిసి చేసిన ఒక కొత్త చిన్న ఆటలో పడవ నడపడం తప్ప మరేమీ లేదు. దాని గురించి రాసింది ఒక్క వాక్యమే: ‘తెడ్డు బరువు అరచేతికి తెలిసింది, తీగ ఉంది.’

“ఇప్పుడన్నీ వైర్‌లెస్సే కదా మేడమ్, ఇంకా తీగెక్కడిది?” అని ఒక పాఠకుడు అడిగాడు.

తీగ కథ ఇది. ఆవిడకు ఏడేళ్లప్పుడు నాన్న ఆ కన్సోల్ కొనుక్కొచ్చారు. కంట్రోలర్లు రెండు. కారు రేసు ఆట. పైనుంచి చూస్తున్నట్టు తెర మీద దారంతా కనిపిస్తుంది, ఒక ఎర్ర కారు, ఒక నీలం కారు. పదకొండేళ్ల అన్నయ్య ఎర్రది తనదన్నాడు, నీలం చెల్లిదన్నాడు. రెండేళ్లు ఆడింది. మలుపు వస్తే ఒళ్లంతా అటు వాల్చింది. నీలం కారు గెలిస్తే ఇల్లంతా పరిగెత్తింది. “బాగా తోలావే!” అని అన్నయ్య భుజం తట్టేవాడు.

ఒకరోజు రబ్బరు దొర్లిపోతే బీరువా వెనక చెయ్యి పెట్టింది. రబ్బరుకు బదులు తన కంట్రోలర్ తీగ కొస దొరికింది. అది కన్సోల్‌కు తగిలించి లేదు, ఇన్నాళ్లూ నీలం కారును నడిపింది కన్సోలే. దుమ్ము పట్టకుండా పాత సాక్సులో చుట్టి దాచిపెట్టి ఉంది. ఆ సాక్సును ఆవిడ ఇంతవరకూ క్షమించలేదు. మోసం చేసినవాడు చేశాడు, అంత శ్రద్ధగా చేయాలా? ఇంట్లో ఎవరూ లేరు. తీగ తగిలించి, నీలం కారు తీసుకుని, మొదటిసారి నిజంగా తోలింది. రెండేళ్ల ఛాంపియన్ తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకుంది.

సాయంత్రం అడిగింది: “నిన్న గెలిచింది నేను కాదా?”

అన్నయ్య పకపకా నవ్వాడు. “గెలిచావనే అనుకో, ఏం పోయింది?”

ఏం పోయిందో ఆయనకు ఈరోజుకీ తెలియదు. పైగా అది ఆయనకు ఒక జోకైంది. నలుగురు కూర్చుంటే చాలు, మా చెల్లి రెండేళ్లు ఊడిన రిమోట్‌తో రేసులు గెలిచిందండీ అని మొదలుపెట్టి, లేచి నిలబడి, నాలుక బయటపెట్టి, అటూ ఇటూ వాలి చూపిస్తాడు. దాన్ని ఇప్పటికీ రిమోట్ అనే అంటాడు, అదొక మంట. ఆయన చేసే పనేమిటంటే, డ్రైవింగ్ స్కూలు. ఆయన కారులో పక్క సీటులో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తామే ఆపామనుకుని మురిసిపోతారు, ఆపేది ఈయన. కొందరికి బుద్ధి వయసుతో పాటు మారదు, లైసెన్సు మాత్రం వస్తుంది.

పోయిన నెల ల్యాబు యజమాని ఆవిడను హెడ్ చేశాడు. అందరికీ టీ, బిస్కెట్లు. అన్నయ్య కూడా వచ్చాడు, ఆవిడ కింద పనిచేయబోయే ఆరుగురి ముందు జోకు మొత్తం అభినయంతో సహా వినిపించి వెళ్లాడు. మర్నాడు పొద్దున పని చేసుకుంటుంటే ఎదుట ఉన్న స్టీలు పళ్లెంలో వెనకవాళ్లు కనిపించారు. ఒకమ్మాయి నోటి అచ్చును కంట్రోలర్‌లా పట్టుకుని అటూ ఇటూ వాలుతోంది, మిగతావాళ్లు నోళ్లు నొక్కుకుంటున్నారు. ఆవిడ ఒళ్లు భగ్గుమంది. ఆ జోకు ఇక ఆయన నోట రాకూడదు, రాకుండా చేయకపోతే తను ఆ ల్యాబులో తలెత్తుకు తిరగలేదు.

అదృష్టం కొద్దీ ఆ పాత రేసు ఆటనే కొత్త కన్సోల్‌కు రంగులద్ది విడుదల చేశారు. అవే కార్లు, అదే దారి. ఆవిడ శనివారం ల్యాబులో భోజనం మానేసి, కొత్త కంట్రోలర్‌లో వేసే రెండు బ్యాటరీల అచ్చు మైనంలో తీసి, గట్టి ప్లాస్టర్ పోసింది. ఆరాక అరగదీసింది. బరువు చాలకపోతే మధ్యలో ఇనుప ముక్క పెట్టి మళ్లీ పోసింది. చివర ప్లస్ గుర్తు కూడా చెక్కింది. శ్రద్ధ ఆయన ఒక్కడి సొత్తేమీ కాదు.

ఆదివారం పొద్దున అన్నయ్య, వదిన, మేనకోడలు వచ్చారు. ఒక్కరే ఆడే పద్ధతి పెట్టి, నీలం కారు తను తీసుకుని, ఆవిడ ప్లాస్టర్ ఉన్న కంట్రోలర్ అన్నయ్య చేతికిచ్చింది.

“ఎర్రది నాదేగా?” అన్నాడు.

“నీదే అన్నయ్యా. ఎప్పుడూ నీదేగా.”

ఎర్ర కారును కన్సోల్ నడిపింది, అన్నయ్య ఊగాడు. మలుపు వస్తే ఒళ్లంతా అటు వాల్చాడు. “ముందే తిప్పాలే, నేను రోజూ చెప్పేది ఇదే!” అంటూ చెల్లికి పాఠాలు కూడా చెప్పాడు. మొదటి రేసు ఓడి, “రిమోట్ కొంచెం బిగుతుగా ఉంది” అన్నాడు. రెండో రేసులో ఆవిడ కావాలనే గోడకు గుద్దింది. ఎర్ర కారు గెలిచింది.

“తియ్యవే, వీడియో తియ్యి!” అని కూతురికి పురమాయించి, ఆయన కంట్రోలర్ నెత్తిన పెట్టుకుని గది చుట్టూ తిరిగాడు. మేనకోడలు తీసింది.

“బాగా తోలావు అన్నయ్యా,” అంది ఆవిడ. “ఒకసారి వెనక మూత తీసి చూడు.”

తీశాడు. తెల్లటి ప్లాస్టర్ బ్యాటరీలు రెండూ అరచేతిలో పడ్డాయి. మేనకోడలికి ముందు అర్థమైంది, ఫోను చేత్తో పట్టుకునే కింద కూలబడి నవ్వింది. వదిన నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య వాటిని తిప్పి తిప్పి చూశాడు.

“అయితే ఇందాక గెలిచింది నేను కాదా?” అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

ఈ ప్రశ్న కోసం ఆవిడ ముప్పై అయిదేళ్లు కాచుకుంది. “గెలిచావనే అనుకో, ఏం పోయింది?”

ఆయన ముఖం మాడిపోయింది. కాసేపటికి తేరుకుని కొత్త పాట ఎత్తుకున్నాడు. “అది కాదే... అప్పట్లో ఆ రెండో రంధ్రం పనిచేసేది కాదు. చెప్తే ఏడుస్తావని దాచాను. నీ కోసమే చేశాను.”

వదిన నవ్వు ఆగిపోయింది. “పాపం, చెల్లెలి మీద ప్రేమతోనేగా,” అంది. గదిలో గాలి ఆయనవైపు తిరగబోయింది.

ఆవిడ పాత డబ్బా టీవీ వేసింది. క్యాసెట్ ఊది పెట్టింది. రెండో కంట్రోలర్ తీగను రెండో రంధ్రానికి తగిలించి మేనకోడలి చేతికిచ్చింది. నీలం కారు కదిలింది, ఎడమకు తిప్పితే ఎడమకు, కుడికి తిప్పితే కుడికి.

“బాగు చేయించావా అత్తా?”

“దీన్ని ఎవరూ విప్పనేలేదు. స్క్రూల మీద కంపెనీ వాడి సీలు కూడా అలాగే ఉంది, చూడు.”

మేనకోడలు తిప్పి చూసింది, తర్వాత వాళ్ల నాన్నవైపు చూసింది. ఆయన నేలవైపు చూశాడు.

ఆవిడ కొత్త బ్యాటరీలు రెండు తెచ్చి అన్నయ్య అరచేతిలో పెట్టింది. ఇద్దరు ఆడే పద్ధతి పెట్టింది. “ఇప్పుడు ఆడు.”

మొదటి రేసులో ఎర్ర కారు తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకుంది. రెండోదాంట్లోనూ అంతే. మూడు, నాలుగు, అయిదు. ఆవిడ ఎక్కడా వదలలేదు. ఆరో రేసు అయ్యేసరికి ఆయన చెమట తుడుచుకుని, “ఆ కథ ఇంకెక్కడా చెప్పనులే,” అన్నాడు. “ల్యాబుకొచ్చి వాళ్లకు కూడా చెప్తాను, తప్పు నాదేనని. సరేనా? వీడియో మాత్రం ఎవరికీ పంపించొద్దు.”

కోరుకున్నది దక్కింది. ఇప్పుడు కొంచెం జాలి వేస్తుందేమోనని ఆవిడ తన లోపలికి చూసుకుంది. వేయలేదు. హాయిగా ఉంది. ఏడో రేసు పెట్టింది.

“వదిలెయ్యమ్మా,” అంది వదిన. “మీ అన్నయ్య వేళ్లు నొప్పెడుతున్నట్టున్నాయి.”

అన్నయ్య కంట్రోలర్ బల్ల మీద పెట్టబోయాడు.

“కింద పెట్టకు అన్నయ్యా,” అంది ఆవిడ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “నువ్వు నన్ను రెండేళ్లు ఆడించావు. ఇంకా పది నిమిషాలే అయింది.”