లేసు కొట్టే సుత్తి

నల్లపాడు స్టేషను దారిలో మరియదాసు శవపేటికలు చేస్తాడు. పలకకీ పలకకీ మధ్య వెంట్రుక కూడా దూరదు, అంత పనిమంతుడు. అయినా పెట్టె తీసుకెళ్లడానికొచ్చిన వాళ్లు ఆ అతుకుల వంక చూడనైనా చూడరు. అంచున కొట్టిన తెల్ల లేసు చూసి, "శాంతిగారి చెయ్యి చెయ్యేనండీ" అంటారు. శాంతి అతని భార్య. ఆ మాట విన్నప్పుడల్లా మరియదాసుకి ఒళ్లు మండిపోయేది. పెళ్లాం మీద అసూయేమిటని ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, అది అసూయే.

అంతా శాంతి లేసు కొట్టే సుత్తి మహిమేనని అతని గట్టి నమ్మకం. బ్రాడీపేటలో ఇనప సామాన్ల కొట్లో అరగంట నిలబడి ఏరుకుంది దాన్ని. ఒక్కొక్కటీ పిడి చివర పట్టుకుని ఊపి, మొహం నున్నగా ఉందో లేదో బొటనవేలితో రాసి చూసి, చివరికి అన్నిట్లోకీ చిన్నది తెచ్చుకుంది.

"దీంతో బఠాణీలు పగలగొడతావా?" అన్నాడు మరియదాసు.

"బరువైతే సన్న మేకు వంగుద్ది, లేసు చిరుగుద్ది. దీంతో కొట్టక్కర్లేదు, పడనిస్తే చాలు" అంది శాంతి.

మొన్న జూలైలో అతని తల్లి కరుణమ్మ పోయింది. పోయే ముందు అందరూ వింటుండగా అంది: "ఒరేయ్, నా పెట్టెకి లేసు శాంతే కొట్టాలి." కన్నతల్లి కూడా ఆవిడ పక్షమే! మరియదాసుకి ఏడుపుకంటే ముందు ఉక్రోషం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే శాంతి చుట్టాలకి కాఫీలిస్తుంటే, అతను షెడ్డు తలుపేసుకుని లేసు కొట్టడం తనే మొదలెట్టాడు. బల్ల మీద నాలుగు సుత్తులున్నాయి. ఏది తీయాలో తెలియక కాదు. శాంతి చిన్న సుత్తి తీస్తే ఆవిడ మాటే నెగ్గినట్టు. తన వడ్రంగం సుత్తే తీశాడు. మొదటి మేకు వంగింది. రెండో దానికి లేసు చిరిగింది. మూడో దెబ్బకి పెట్టె తల వైపు సన్న బద్ద నిలువునా చీలింది.

చప్పుడు విని శాంతి వచ్చింది. బద్ద మార్చి, కొత్త లేసు పరిచి, తన సుత్తితో గంటలో ముగించింది. అతను పక్కన నిలబడి మేకులందించాడు.

సమాధుల తోటలో పాస్టరుగారు వంగి చూసి, "ఎంత బాగుందమ్మా! నీ పనేనా?" అన్నారు.

"నాది కాదండి. కన్నతల్లి పెట్టె కదా, ఆయనే కొట్టుకున్నారు" అంది శాంతి.

జనం మరియదాసు చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్లుగా దేనికోసం కుళ్లుకున్నాడో ఆ మెప్పు వచ్చింది, అదీ ఆవిడ ఇస్తేనే వచ్చింది. అమ్మ మీద పిడికెడు మట్టి వేస్తూ కూడా అతను శాంతినే చూశాడు, అంత మనసు తనకెందుకు లేకపోయిందని కుళ్లుకుంటూ.