పన్నెండో ప్రయాణంలో సముద్రం

ఖాజాగూడ నీలమ్మ పదకొండుసార్లు గోవా వెళ్లింది. ఒక్కసారీ సముద్రం చూడలేదు. మాదాపూర్ కంపెనీల ఉద్యోగులను శుక్రవారం సాయంత్రం బస్సెక్కించి కలంగూట్ తీరానికి తీసుకుపోయే ట్రావెల్స్‌లో ఆమె వంటమనిషి. అక్కడ ఇసుక అంచు వరకూ హోటళ్లే. బస్సులు నిలిపే స్థలం వాటి వెనుక, రెండు వీధుల ఇవతల. బస్సు పక్కనే పొయ్యి. నలభైమందికి మూడు పూటలా వండి, గిన్నెలు తోమి ముగించేసరికి తిరుగు ప్రయాణం. అలల హోరు మాత్రం ఆ వీధుల మీదుగా ఆమె దాకా వచ్చేది.

ఆమె వంట అసాధారణమని చెప్పలేం. పప్పులో పులుపు ఎప్పుడూ కాస్త ఎక్కువే. అయితే అంతమంది ఆకలి ముందు తొట్రుపడని నిదానం ఆమెకుంది.

వాడకట్టు ఆడవాళ్లు సముద్రం ఎట్లుంటదని అడిగితే, "గండిపేట చెరువు లెక్కనే, జర పెద్దగ" అనేది. అబద్ధమాడలేని మనిషికి ఆ జవాబు ముల్లులా గుచ్చుకునేది. ఈసారి చూసే తిరిగి రావాలని పన్నెండోసారి బస్సెక్కేటప్పుడు నిశ్చయించుకుంది.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు సర్దుతుండగా డ్రైవర్ ఏసురత్నం వచ్చాడు.

"నీలక్కా, జహీరాబాద్ కాడ రోడ్డు బంద్ అంట. ఇంకో రెండు రోజులు ఈడనే ఉండమన్నడు మన ట్రావెల్స్ సేటు."

రెండు రోజులు దొరికాయి. వాటితోపాటు ఆరు పూటల వంటా దొరికింది. ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడు పొద్దున ఆమె అందరినీ పొయ్యి దగ్గరికి పిలిచింది.

"మా కాడ ఉద్యమంల రోడ్ల మీద వంటావార్పు నడుస్తున్నది. అండ్ల వంటమనిషంటూ ఎవరుండరు. అందరు కోస్తరు, అందరు వండుతరు. ఇయ్యాల ఈడ గూడ అంతే."

బృందానికి పెద్ద సోమేశ్వరరావుది మచిలీపట్నం. "ఉద్యమం మీది, ఉల్లిపాయలు కోసేది మేమాండీ?" అన్నాడు.

"ఉల్లిగడ్డకు ప్రాంతమేంది సారూ? ఎవరు కోసినా ఏడిపిస్తది."

అందరూ గొల్లున నవ్వారు. "మరి మీరేం చేస్తారండీ?" అన్నాడు సోమేశ్వరరావు.

"సముద్రం చూసొస్త."

"ఇన్నిసార్లు వచ్చి ఇంకా చూడలేదా!"

"మీరు చూస్తుంటే నేను వండుతున్న గద."

సోమేశ్వరరావు చొక్కా చేతులు మడిచి కత్తి అందుకున్నాడు. "వెళ్లండి నీలమ్మగారూ. వెనక్కి మాత్రం చూడకండి, మా వంట చూస్తే ఆగిపోతారు."

పూల చొక్కాలు వేలాడే దుకాణాలు దాటాక వీధి ముగిసి ఇసుక మొదలైంది. అలవాటుగా ఆమె కళ్లు అవతలి గట్టు కోసం వెతికాయి. గట్టు లేదు. ఎంత చూసినా లేదు. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. అదీ ఆగలేదు. చీర ఎగదోపి మోకాలి లోతుకు దిగింది. అల కొట్టినప్పుడల్లా "ఓయమ్మో!" అని అరిచి, తర్వాతి అలకు మరో అడుగు ముందుకేసి నిలబడింది.

మధ్యాహ్నానికి ఏసురత్నం అన్నం గిన్నె, సోమేశ్వరరావు పప్పు గిన్నె మోసుకుంటూ ఇసుకలో వచ్చారు.

"అన్నం జర మాడిందక్కా."

నీలమ్మ తడి ఇసుకలోనే కూర్చుని తిన్నది. పప్పులో ఉప్పు లేదు. ఆ మాట ఎత్తకుండా పళ్లెం మళ్లీ చాచింది.

"ఇంకింత ఎయ్యి తమ్మీ, జల్ది. పెద్ద అల వస్తున్నది."