జానెడు ఆకాశం

విమానం టికెట్లు అమ్మేవాడికి విమానం గురించి తెలిసి ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. తెలియనివాడు నోరు మూసుకోవాలన్న రూలైనా ఎవరో ఒకరు పెట్టాల్సింది. ఓడల్లో, లారీల్లో, ఒకసారి గొర్రెల బండిలో కూడా తిరిగినవాణ్ణి నేను. తప్పుదారి చూపినవాళ్ళను ఎందరినో క్షమించాను. మా వీధి చివర టికెట్ల కొట్టు పెట్టుకున్న ఆకాశం బావను మాత్రం క్షమించలేను.

ఆ పేరు అతని మరదలు సరదాగా పెట్టింది, వీధంతా వాడుకుంది. గోడమీద ప్రపంచపటం, దానికింద తిరుగుడు కుర్చీ, అందులో అతను. ఒక్కసారీ విమానం ఎక్కిన పాపాన పోలేదు. దూరం అడిగితే లేచి పటంమీద జానపెట్టి కొలిచేవాడు. ఎంతసేపని అడిగితే టికెట్టుమీద దిగే వేళలోంచి ఎక్కే వేళ తీసేసేవాడు. ఏ ఊరి గడియారం ఆ ఊరిదేనన్న సంగతి ఆ బుర్రకెక్కలేదు.

"పోను నాలుగు గంటలూ, రాను పద్నాలుగూ ఏమిటయ్యా?" అని నేనే ఓసారి అడిగాను.

"భూమి గుండ్రం కదండీ! పోయేది పల్లం, వచ్చేది ఎత్తు."

భూమి గుండ్రమని తేల్చడానికి ఎన్ని తరాలు తలలు బద్దలుకొట్టుకున్నాయో! చివరికి అది ఇతగాడి చేతిలో పడి జారుడుబల్ల అయింది. విడమరిచి చెప్పబోతే, "ఇరవై ఏళ్ళ అనుభవమండీ నాది" అన్నాడు. గానుగెద్దూ ఇరవై ఏళ్ళు నడుస్తుంది. ఎంత దూరం వెళ్ళిందని దాన్నెవరూ అడగరు.

మరదలు బట్టలు కుట్టుకు బతికే మనిషి. దూరపు నగరంలో ఉన్న ఆమె అన్నకు కన్ను పోయే జబ్బు వచ్చిపడింది. కావలసిన సూదిమందు ఇక్కడే దొరికింది. మందులషాపతను దాన్ని ఐసుడబ్బాలో పెట్టి, "ఆరు గంటలు ఆగుతుందమ్మా. ప్రయాణం అంతకు మించితే పెద్ద డబ్బా ఇస్తా" అన్నాడు.

ఆమె నేరుగా కొట్టుకొచ్చింది. "బావా, నిజం చెప్పు. ఎన్ని గంటలు?"

"నాలుగు. మిగిలిన ఐసుతో మీ అన్నకి చల్లటి నీళ్ళియ్యి."

"నవ్వులాట కాదు బావా. అన్నయ్య కన్ను."

"నీ కుట్టుమిషను జోలికి నేనొస్తున్నానా? నా విమానాల జోలికి నువ్వు రాకు."

విమానం తొమ్మిది గంటలు ఎగిరింది. సగం దారి దాటాక డబ్బాకి చెమట పట్టింది. అడిగి తెచ్చుకున్న కాసిని ఐసుముక్కలు ఏ మూలకీ చాలలేదు. దిగేసరికి మందు గోరువెచ్చగా ఉంది. డాక్టరు దాన్ని పారేశాడు. మరో మందు చేరేలోపు అన్నకు కుడికన్ను పోయింది.

తిరిగొచ్చిన రోజే ఆమె అదే డబ్బా నిండా ఐసు వేసుకొచ్చి అతని బల్లమీద పెట్టింది. టికెట్టు కోసం వెళ్ళిన నేనూ అక్కడే ఉన్నాను.

"ఇది కరిగేదాకా నేను లేవను బావా. నువ్వూ లేవకు."

"ప్రయాణంలో అలిసిపోయావు, ఇంటికెళ్ళమ్మా."

"వచ్చేది ఎత్తు కదా, అలిసిపోనూ మరి?"

కూర్చున్నాడు. బేరాలు వచ్చి పోయాయి. ఫోను మోగి మోగి ఊరుకుంది. కిటికీలో ఎండ గోడెక్కి దిగింది. చివరికి ఆమె మూత తీసింది. అన్నీ నీళ్ళే. అతని చెయ్యి పట్టుకుని అందులో ముంచింది.

"జాన పెట్టు బావా. ఎంత దూరమో కొలువు."

అతను చెయ్యి లాక్కుని, చొక్కాకి తుడుచుకుని, ఫ్యాను వంక చూశాడు.

"ఈ గదిలో ఉక్క ఎక్కువ. అందుకే తొందరగా కరిగింది," అన్నాడు.